చిట్టా ఉన్నంత మాత్రాన పద్దు భద్రం కాదు

సంపాదకులకు నమస్కారం.

కరెంటు పోయి వచ్చాక సర్వర్ తనంతట తాను లేచి పనిచేస్తే అందులోని లెక్కలన్నీ భద్రంగా ఉన్నట్టేనని మన కార్యాలయాల్లో గట్టి నమ్మకం ఉంది. సర్వర్ల నిర్వహణే వృత్తిగా ఉన్న నేను ఆ నమ్మకం ఎక్కడ తప్పుతుందో కళ్లారా చూశాను. అందుకే సహకార సంఘాలు, ఆసుపత్రులు, కళాశాలల దృష్టికి ఈ విషయం తేదలిచాను.

డిస్క్ మీద ఫైళ్లను అమర్చి, ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే సర్వర్లలో విరివిగా వాడే ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్ఎస్ రెండూ జర్నల్, అంటే మార్పుల చిట్టా, ఉన్న ఫైల్ సిస్టమ్‌లే. మన వ్యాపారులు రోజువారీ జమాఖర్చులను ముందు చిట్టాలో రాసుకుని, తీరికగా ఆవర్జాలోకి ఎక్కించుకున్నట్టే, ఇవి చేయబోయే మార్పును ముందు జర్నల్‌లో రాసి, ఆ తరువాత అసలు చోట రాస్తాయి. మధ్యలో కరెంటు పోతే, తిరిగి లేచినప్పుడు జర్నల్‌లో పూర్తిగా ఉన్నవాటిని అమలు చేసి, సగంలో ఆగినవాటిని వదిలేస్తాయి. జర్నల్ లేని ఈఎక్స్‌టీ2 రోజుల్లో పెద్ద డిస్క్‌ను మొత్తం తనిఖీ చేయడానికి గంటలు పట్టేది. 2001లో జర్నల్ ఉన్న ఈఎక్స్‌టీ3 లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లో చేరాక ఆ బాధ చాలావరకు తీరింది.

అయితే ఈఎక్స్‌టీ4 మామూలుగా జర్నల్‌లో రాసేది ఫైలు పరిమాణం, డిస్క్ మీద దాని చోటు వంటి వివరాలనే గాని, ఫైలులోని సమాచారాన్ని కాదు. సమాచారాన్నీ జర్నల్‌లో రాయించవచ్చు గాని, ప్రతిదీ రెండుసార్లు రాయవలసి వస్తుంది కనుక ఆ పద్ధతి జోలికి వెళ్లేవారు తక్కువ. డీఫాల్ట్‌గా, అంటే వేరేది ఎంచుకోకపోతే, ఉండే 'ఆర్డర్డ్' పద్ధతిలో సమాచారం డిస్క్‌కు వెళ్లాకే దాని వివరాలు జర్నల్‌లో ఖాయమవుతాయి. 'రైట్‌బ్యాక్' అనే మరో పద్ధతిలో ఈ వరుస పాటించరు. వేగం పెరగవచ్చు, కాని కరెంటు పోయి వచ్చాక కొత్త ఫైలులో ఆ చోట గతంలో ఉన్న పాత సమాచారం తేలవచ్చు. 2009లో కెర్నల్ 2.6.30లో ఈఎక్స్‌టీ3కి రైట్‌బ్యాక్‌ను డీఫాల్ట్ చేసినవారే, మరుసటి ఏడాది 2.6.36లో మళ్లీ ఆర్డర్డ్‌కు తిరిగివచ్చారు.

అంతకన్నా ప్రమాదకరమైనది బారియర్ తీసేయడం. డిస్క్‌కు సొంత కాష్, అంటే కరెంటు పోతే చెరిగిపోయే తాత్కాలిక జ్ఞాపకం, ఉంటుంది. సమాచారం అందులోకి చేరగానే రాసేశానని బదులిస్తుంది, అసలు రాత తనకు వీలైన వరుసలో తరువాత జరుగుతుంది. కీలకమైన చోట్ల ఆ కాష్‌లో ఉన్నదంతా నిజంగా రాయించడానికి ఫైల్ సిస్టమ్ పంపే ఆదేశమే బారియర్. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లు దాటుతుంది కనుక, ప్రతి పద్దునూ డిస్క్ నిజంగా రాసేదాకా ఆగి ఒక్కొక్కటిగా ఖాయం చేస్తూ పోతే సెకనుకు నూరు దాటించడం కష్టం. ఫైల్ సిస్టమ్‌ను వాడకానికి తగిలించేటప్పుడు, అంటే మౌంట్ చేసేటప్పుడు, 'బారియర్=0' అని ఒక్క ముక్క చేరిస్తే ఆ ఆలస్యం మాయమవుతుంది. దానితోపాటు భద్రతా మాయమవుతుంది.

నేను చూసిన ఒక సహకార పరపతి సంఘంలో సర్వర్ నెమ్మదిగా ఉందని ఫిర్యాదు వస్తే, దాన్ని ఏర్పాటు చేసిన ఏజెన్సీ ఎవరికీ చెప్పకుండా ఈ పనే చేసింది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. పాతబడిన యూపీఎస్ బ్యాటరీ నిలబడలేదు. కరెంటు రాగానే సర్వర్ లేచింది, ఒక్క లోపమూ చూపలేదు. మర్నాడు ఒక సభ్యురాలు తాను కట్టిన వాయిదా రసీదు పట్టుకొచ్చి, అది ఖాతాలో ఎందుకు పడలేదని అడిగినప్పుడే చివరి కొద్ది నిమిషాల వసూళ్లు పోయాయని తెలిసింది. పద్దు డిస్క్‌కు ఎక్కిందని కింది నుంచి జవాబు వచ్చాకే డేటాబేస్ ఆమెకు రసీదు ఇచ్చింది. ఆ జవాబే నిజం కాదు. దొరికిన రసీదులన్నీ చూసి పద్దులు తిరిగి ఎక్కించడానికి రెండు రోజులు పట్టింది. రసీదు పారేసుకున్నవారి సంగతి తలచుకుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

వేగం అక్కర్లేదని నేననను. కౌంటరు ముందు వరుసలో నిలబడినవారి సమయానికీ విలువ ఉంది. కాని దానికి సరైన దారులున్నాయి. కరెంటు పోయినా కాష్‌ను కాపాడే బ్యాటరీ ఉన్న రెయిడ్ కంట్రోలర్‌నో (పలు డిస్క్‌లను కలిపి నడిపే కార్డు), కరెంటు పోయినా కాష్‌లోది రాసేంత విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లున్న సర్వర్ తరగతి ఎస్‌ఎస్‌డీనో (తిరిగే భాగాలు లేని డిస్క్) కొంటే బారియర్ ఉన్నా పని వేగంగానే సాగుతుంది. ఒకేసారి వచ్చిన అనేక పద్దులను డేటాబేస్ ఒకే విడతలో ఖాయం చేసేలా అమర్చుకోవచ్చు, దానికి ఖర్చు కూడా ఉండదు. ఎక్స్‌ఎఫ్ఎస్ రూపకర్తలైతే బారియర్‌ను ఆపే వీలునే తరువాతి కాలంలో తొలగించారు.

కాబట్టి సర్వర్ కొనే ప్రతి సంస్థా మౌంట్ ఆప్షన్లను టెండరు పత్రంలోనే రాయించాలని, అప్పగింతకు ముందు ఒక పరీక్ష పెట్టాలని కోరుతున్నాను. సర్వర్ వరుసగా పద్దులు రాస్తుండగా, ఖాయమైందని జవాబు వచ్చిన ప్రతి పద్దు సంఖ్యనూ వేరొక కంప్యూటర్‌లో నమోదు చేస్తూ, హఠాత్తుగా సర్వర్ కరెంటు తీగ పీకేయాలి. తిరిగి లేచాక అలా నమోదైన సంఖ్యల్లో ఒక్కటి సర్వర్‌లో కనిపించకపోయినా బిల్లు చెల్లించకూడదు.

భవదీయుడు,
ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, ఏలూరు