సర్వర్లు మావే, తాళాలు మాత్రం కాంట్రాక్టరు దగ్గర

సంపాదకులు గారికి నమస్కారం.

మన జిల్లాలో ఏ కాలేజీలోనో ఆస్పత్రిలోనో కొత్త సర్వర్లు పెడితే రిబ్బన్ కత్తిరిస్తున్న ఫోటో పేపర్లో వస్తుంది, కింద 'సొంత క్లౌడ్ వచ్చేసింది' అని రాస్తారు. మంచిదే. కానీ ఆ క్లౌడ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరు ఎక్కించారు, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది అని అడిగినవాళ్లు నాకైతే కనపడలేదు. మేమూ అడగలేదు. అడగనందుకు పడ్డ తిప్పలు చెబుదామనే ఈ ఉత్తరం.

నేను నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒక సంస్థలో కంప్యూటర్ల పని చూస్తాను. మా సర్వర్ గది గోడౌన్‌కి ఆనుకునే ఉంటుంది, ఏసీ వేసినా మేత బస్తాల వాసన పోదు. అందులో రెండు సర్వర్లు. బిల్లింగ్, రైతుల ఖాతాలు, ఫైళ్లు, కెమెరాల రికార్డింగ్ ఇలా ఏడు వర్చువల్ మెషీన్లు ఆ రెండింటి మీదే నడుస్తాయి. తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక పెద్ద మెషీన్‌ని అపార్ట్‌మెంట్‌లా వాటాలు వేసి ఒక్కో వాటాలో ఒక్కో కంప్యూటర్ కాపురం పెట్టినట్టు. లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ వాటాలు వేసే పని కేవీఎం చేస్తుంది, 2007 నుంచి అది లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే ఉంది. ఏ వాటా ఎక్కడ ఉంది, ఎవరికెంత మెమరీ, ఒక సర్వర్ పడిపోతే దాని మీదున్నవాటిని ఎక్కడ లేపాలి అనేవన్నీ బ్రౌజర్‌లో చూపించి చేయించేదే మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్. మాది ప్రాక్స్‌మాక్స్.

దాన్ని పెట్టింది బయటి ఊరి నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరు. రెండు రోజులు లాడ్జిలో ఉండి, అన్నీ బిగించి, స్క్రీన్ మీద అన్నిటికీ పచ్చ గుర్తులు చూపించి, 'ఒకటి పోతే ఇంకోటి పట్టుకుంటుంది సార్' అని చెక్కు తీసుకుని వెళ్లిపోయాడు. మాకు వర్చువల్ మెషీన్లని చూడటానికి, ఆపి లేపడానికి మాత్రమే పనికొచ్చే లాగిన్ ఒకటి ఇచ్చాడు. అన్ని అధికారాలూ ఉండే రూట్ పాస్‌వర్డ్ ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

పోయిన కార్తీకంలో వాన పడుతున్న ఒక రాత్రి కరెంటు పోవడం రావడం నాలుగైదు సార్లు జరిగి ఒక సర్వర్ పవర్ సప్లై కాలిపోయింది. బిల్లింగ్ దాని మీదే ఉంది. దాని కాపీ పావుగంటకోసారి రెండో సర్వర్‌కి వెళుతూనే ఉంది కాబట్టి అక్కడ లేపితే చాలు కదా అనుకున్నాం. స్క్రీన్ మీద ఏముందంటే, 'క్లస్టర్ నాట్ రెడీ, నో కోరమ్?' అని ఎర్ర అక్షరాలు. అంటే సర్వర్ల జట్టు సిద్ధంగా లేదు, సరిపడా ఓట్లు లేవు అని. రెండో సర్వర్ మీద అప్పటికే నడుస్తున్నవి నడుస్తూనే ఉన్నాయి, కొత్తగా ఏదీ లేవదు, ఏ సెట్టింగూ మారదు.

ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, అది కావాలనే అలా చేస్తుంది. ముగ్గురు అన్నదమ్ముల్లో ఏ మాట నెగ్గాలన్నా ఇద్దరైనా ఒక వైపు ఉండాలి అన్నట్టు, క్లస్టర్‌లో సగానికి మించి ఓట్లు ఉంటేనే నిర్ణయాలు చెల్లుతాయి. ఇద్దరే ఉండి ఒకడు పలకకపోతే, అవతలివాడు చచ్చాడా, మధ్యలో కేబుల్ ఊడిందా అన్నది ఇవతలివాడికి తెలియదు. తెలియకుండా ఇద్దరూ ఒకే వర్చువల్ మెషీన్‌ని చెరోచోట లేపితే ఒకే ఖాతాలో రెండు రకాల లెక్కలు పడి డేటా నాశనమవుతుంది. అందుకే ఒంటరిగా మిగిలిన సర్వర్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. రెండు సర్వర్లే ఉన్నచోట మూడో ఓటుకి ఏదో ఒక చిన్న పాత కంప్యూటర్ పెట్టాలి. దాన్ని క్యూడివైస్ అంటారు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో సాక్షి సంతకం లాంటిది, ఓటు వేయడం తప్ప వేరే పని చేయదు. మా కాంట్రాక్టరు అది పెట్టలేదు.

సాక్షి లేకపోయినా ఒక్క కమాండ్‌తో 'ఇప్పటికి ఒక్క ఓటు చాలు' అని ఒప్పించవచ్చు, కానీ దానికి రూట్ పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ తెలియకపోతే సర్వర్‌ని రీబూట్ చేసి మార్చుకునే దారీ ఉంది, కానీ బతికున్న ఆ ఒక్క సర్వర్‌నీ ఆపి లేపే ధైర్యం ఎవరికుంటుంది? అది కూడా లేవకపోతే? కాంట్రాక్టరు ఫోన్ స్విచాఫ్. తెల్లారి ఐదింటికి గోడౌన్ ముందు లారీలు నిలబడ్డాయి, మేం కార్బన్ పేపర్ పెట్టి చేత్తో బిల్లులు రాశాం. ఎవరు ఎంత బాకీ అన్నది మా పెద్ద గుమస్తా గారి జేబు డైరీలో దొరికింది. ఆ డైరీని చూసి ఏళ్ల తరబడి నవ్వుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మధ్యాహ్నం కాంట్రాక్టరు ఫోనెత్తి పాస్‌వర్డ్ చెప్పాడు. మా సంస్థ పేరు, పక్కన 123. మేమే ఊహించి ఉండాల్సింది.

తర్వాత అంతా తీసేసి నేనే మళ్లీ పెట్టాను. పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించడానికి ఒక్కో సర్వర్‌కి అరగంట కూడా పట్టదు, దాని ముందూ వెనకా పనికే మూడు రోజులు పట్టింది. సర్వర్‌కి పేరు ముందే ఆలోచించి పెట్టుకోవాలి, క్లస్టర్‌లో చేరాక మార్చడం పెద్ద తలనొప్పి. ఆ పేరు అడిగితే, పేర్ల జాబితా ఉండే హోస్ట్స్ ఫైల్ ఆ సర్వర్ అసలు ఐపీ అడ్రసే, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరే చెప్పాలి. గడియారాలు ఒకేలా నడవాలి. నేను తొందరపడి రెండో సర్వర్ మీద ముందే ఒక వర్చువల్ మెషీన్ పెట్టేశాను, తీరా క్లస్టర్‌లో కలుపుదామంటే 'నీ దగ్గర ఇప్పటికే మెషీన్లు ఉన్నాయి, కలవనివ్వను' అంది. కొత్తగా చేరేది ఖాళీగా రావాలట. దాన్ని బ్యాకప్ తీసి, తీసేసి, చేర్చి, మళ్లీ పెట్టేసరికి ఒక పూట పోయింది.

ఇంకోటి, సర్వర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే కేబుల్ విడిగా ఉండాలి. మొదట కెమెరాల రికార్డింగ్ కూడా అదే తీగ మీద వదిలాను, ఆ రద్దీలో పలకరింపు ఆలస్యమై, బాగానే ఉన్న సర్వర్ పోయినట్టు కనపడేది. విడి కేబుల్ వేశాక అది పోయింది. సాక్షి కోసం అటక మీద పడున్న పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ అనే లైనక్స్ వేసి, వేరే యూపీఎస్ మీద పెట్టాను. ఖర్చు కేబుల్ డబ్బులే.

2023 నవంబర్‌లో, ఈ వాటాలు వేసే సాఫ్ట్‌వేర్‌నే అమ్మే వీఎంవేర్ సంస్థ బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లాక, ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే అనే లైసెన్సుల అమ్మకం ఆగిపోయి చందా పద్ధతి వచ్చింది. అప్పటినుంచి 'ఉచిత సాఫ్ట్‌వేర్‌తో క్లౌడ్ పెట్టిస్తాం' అని తిరిగేవాళ్లు నా దగ్గరికే చాలామంది వచ్చారు. సాఫ్ట్‌వేర్ ఉచితమే, పెట్టేవాడి శ్రద్ధ మాత్రం ఉచితంగా రాదు. మూడు సర్వర్లున్న ఆఫీసుకి ఓపెన్‌స్టాక్ అనే భారీ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ పెడతామని కూడా వస్తున్నారు, అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. వందల సర్వర్లున్నవాళ్ల కోసం పుట్టినదాన్ని రోజూ సాకడానికే ఇద్దరు మనుషులు కావాలి.

కాలేజీల, ఆస్పత్రుల యాజమాన్యాలకి నా మనవి ఒకటే. చివరి చెక్కు మీద సంతకం పెట్టే ముందు కాంట్రాక్టరుని సర్వర్ గదిలోకి తీసుకెళ్లి, ఒక సర్వర్ ప్లగ్గు మీ చేత్తోనే పీకండి. అతను వద్దంటే చెక్కు ఆపేయండి. ఎంతసేపట్లో మళ్లీ పని మొదలైందో వాచీ పెట్టి చూడండి. బ్యాకప్ ఉంది అంటే నమ్మకండి, ఒక మెషీన్‌ని అందులోంచి తిరిగి తీసి లేపి చూపించమనండి. ఆ బ్యాకప్ అదే గదిలో ఉంటే వాన నీళ్లు వచ్చిన రోజు రెండూ కలిసే తడుస్తాయి, మాది ఒక నకలు ఇప్పుడు ఓనర్ గారింట్లో ఉంటుంది. అన్నిటికంటే ముందు, అతను పెట్టేటప్పుడు మీ మనిషి ఒకరు పక్కన కూర్చుని రాసుకోవాలి.

మా పాస్‌వర్డులు, ఏ కేబుల్ ఎక్కడికి వెళుతుందో గీసిన కాగితం, ఇప్పుడు సీలు వేసిన కవర్లో చెక్కుబుక్కుల బీరువాలో ఉన్నాయి. కవరు మీద ఓనర్ గారి సంతకం, నా సంతకం. 'రేపు నేను మానేసినా పని ఆగదండీ' అని భరోసాగా చెబితే, ఆయన వెంటనే 'ఏంది, ఎక్కడికి పోతున్నావు నువ్వు' అని టెన్షన్ పడ్డారు.

ఇట్లు
మీ పాఠకుడు,
నెల్లూరు