సత్యం థియేటరు మీద నీ పేరు

నెల్లూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు నువ్వు అలిగి ఉంటావు, అలగడం న్యాయమే. మార్చి నెలంతా ఆఫీసు లెక్కలతో సరిపోయింది. ఆ తర్వాత అమ్మ కంటి ఆపరేషను, చెన్నైకి తిరగడాలు. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఇది మూడోది, ఎలాగైనా పూర్తి చేస్తాను.

ఇక్కడ అందరం క్షేమం. పెద్దది నాలుగో తరగతికి వచ్చింది. మిద్దె మీద గది ఇంకా తెమలలేదు. మీ పెదనాన్నగారు బజారులో కనిపించారు, బాగున్నారు. చెల్లెమ్మనూ పిల్లవాణ్ణీ అడిగానని చెప్పు. మిగతా కబుర్లు తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నాకు ఈ రాత్రి కూడా నిద్ర పట్టదు.

మా అమ్మ సత్యం థియేటరు మీద నీ పేరు చదివింది!

మొదటి నుంచీ చెబుతాను, ఆగు. అమ్మకు కుడికంటి శుక్లం తీసి నెల అయింది. చూపించుకు రమ్మన్నారని పినాకిని రైల్లో ముందురోజే వెళ్ళాం. గురువారం పొద్దున డాక్టరుగారు చూసి, అంతా బాగుందమ్మా, ఇక ఏమైనా చదువుకోవచ్చు, చూడవచ్చు అన్నారు. బయటికి వచ్చాక, మధ్యాహ్నం ఎక్కడ భోంచేద్దామమ్మా అని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సత్యం హాలు ఇంకా ఉందా?" అంది.

నాకు నోట మాట రాలేదు. నాన్న పోయాక ఈ ఆరేళ్ళలో అమ్మ ఒక్క సినిమాకూ వెళ్ళలేదు, నీకు తెలుసు కదా. 1983లో, పెళ్ళైన కొత్తలో, నాన్న ఏదో డిపార్టుమెంటు పరీక్ష రాయడానికి మద్రాసు వెళుతూ అమ్మను తీసుకువెళ్ళాడట. పరీక్ష అయ్యాక సత్యంలో సినిమా. అమ్మకు ఏసీ హాలు అదే మొదలు. చలికి వణికిపోతుంటే నాన్న తన కండువా తీసి కప్పాడట. ఇంటర్వెల్లో ఇద్దరూ బయటికి వచ్చి ఎండలో నిలబడి, చేతులు వెచ్చబడ్డాక మళ్ళీ లోపలికి వెళ్ళారట. ఇదంతా ఆటోలో చెప్పింది. ముప్పై ఆరేళ్ళ కొడుకుని, నాకు ఇన్నాళ్ళూ ఈ సంగతి తెలియదు.

రాయపేటలో ఆటో దిగాం. నేను డబ్బులిస్తున్నాను. అమ్మ రోడ్డు వారన నిలబడి, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, ఆసుపత్రిలో పట్టిక చదివినట్లు తలెత్తి బోర్డు చదువుతోంది. "పి... వి... ఆర్..." ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, చెయ్యి దించి, నా వైపు తిరిగి ఎంత సంబరంగా అడిగిందనుకున్నావు! "ఒరేయ్, ఇది మన రమణ పేరు కదూ?"

పొన్నలూరి వెంకట రమణా, చూశావా! హాస్టల్లో మనం తప్ప ఎవరికీ తెలియదనుకున్న మాట అమ్మ తనంతట తానే కనిపెట్టింది. నీ పెళ్ళి శుభలేఖ మీద పి.వి.రమణ అని చూసిందట, గుర్తుంచుకుంది. అమింజికరై అంపా స్కైవాక్ మాల్‌లో పీవీఆర్ వాళ్ళు సినిమా హాళ్ళు తెరిచినప్పుడు నిన్ను ఓనరుగారూ అని మొదట పిలిచింది నేనే. కాదు, మన హాస్టల్ దివాకర్ అంటావు నువ్వు. నేనే. 2018 ఆగస్టులో పీవీఆర్ మన సత్యం వాళ్ళను కొంటోందన్న వార్త వచ్చిన రాత్రి నీకు ఫోను చేసి, ఎంతకు కొన్నావురా అని అడిగితే, 850 కోట్లు, చిల్లర నువ్వు ఇవ్వాలి అన్నావు. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోను పెట్టేశాక నాకు చాలా దిగులేసింది. అది నీకు అప్పుడు చెప్పలేదు.

ఎందుకంత దిగులో నీకు వేరే చెప్పాలా? సత్యం, శాంతం, శుభం, స్టూడియో-5, సీజన్స్, సెరీన్. ఆరు హాళ్ళ పేర్లూ ఇంగ్లీషు ‘ఎస్’తోనే అని నువ్వు బస్సులో పద్యంలాగా చదివేవాడివి. ముందు వరుసలో పది రూపాయల టికెట్టు. పది శాతం సీట్లు అంతకే అమ్మాలని ప్రభుత్వం నియమం పెట్టింది కాబట్టి దొరికింది మనకు. మెడ నొప్పి పుట్టేటట్లు తలెత్తి చూసేవాళ్ళం. ముగ్గురికీ కలిపి ఒక్క పాప్‌కార్న్, దాని మీద చల్లుకునే మసాలా నువ్వు కాగితంలో పొట్లం కట్టి హాస్టలుకు తెచ్చి పెరుగన్నంలో... సరే, అది చెల్లెమ్మ చదివే ఉత్తరంలో వద్దు.

1974లో మొదలైన హాలు అది. మనం చదువుతుండగానే, 2010లో, ఎక్స్‌ప్రెస్ ఎవెన్యూ మాల్‌లో ఎనిమిది తెరలతో ఎస్కేప్ అని సత్యం వాళ్ళే తెరిచారు. కోయంబత్తూరుకు వెళ్ళారు, మన నెల్లూరుకు కూడా ఎస్2 అని వచ్చారు. పీవీఆర్ చేతికి వెళ్ళేనాటికి పది ఊళ్ళలో 76 తెరలు. పెరిగే కంపెనీ, జనం ఇష్టపడే కంపెనీ, అమ్ముకోవలసినంత అవసరం ఏమొచ్చిందని నాకు అప్పట్లో మనసు ఒప్పలేదు.

సరే, అమ్మ దగ్గరికి వస్తాను. టికెట్లు తీసుకున్నాక ఆటకు ఇంకా నలభై నిమిషాలుంది. బల్ల మీద కూర్చున్నాం. "రమణ కాకపోతే మరి ఎవరిదిరా ఇది?" అని మొదలుపెట్టింది. నువ్వు చూడవలసింది. ఎదురుగా కూర్చుని ఆడిటు చేసినట్లు ఒక్కో ప్రశ్న వేసింది.

పి అంటే ప్రియ అమ్మా, ఢిల్లీలో వసంత్ విహార్‌లో ఒక హాలు అన్నాను. అమృత్‌సర్ ట్రాన్స్‌పోర్టు అని లారీల కంపెనీ నడిపే కుటుంబం 1978లో ఆ హాలు కొన్నది. కొడుకు అజయ్ బిజిలీ దాన్ని బాగుచేసి నిలబెట్టాడు. "లారీల వాళ్ళా!" అని అమ్మ మెచ్చుకోలుగా తల ఊపింది. మరి వి, ఆర్? ఇక్కడే ఉంది రా అసలు సంగతి. వి అంటే విలేజ్, ఆర్ అంటే రోడ్‌షో. విలేజ్ రోడ్‌షో అనే ఆస్ట్రేలియా కంపెనీ, అదీ నువ్వు ఉంటున్న మెల్‌బోర్న్ కంపెనీ! 1995లో ఇద్దరూ కలిశారు, ప్రియ విలేజ్ రోడ్‌షో అయ్యారు. 1997లో ఢిల్లీ సాకేత్‌లో అనుపమ్ అనే పాత హాలును నాలుగు తెరలుగా మార్చి తెరిచారు. మన దేశంలో మల్టీప్లెక్సు అనేది అక్కడే మొదలు.

"ఒక హాలును నాలుగు ముక్కలు చేస్తే ఏం లాభం?" అంది అమ్మ. మంచి ప్రశ్న. వెయ్యి సీట్ల హాల్లో సినిమా దెబ్బతింటే వారమంతా వెయ్యి సీట్లూ ఖాళీ. నాలుగు చిన్న హాళ్ళుంటే, జనం తగ్గగానే ఆ సినిమాను చిన్న హాల్లోకి జరిపి, ఆడుతున్న దాన్ని పెద్ద హాల్లోకి తెస్తారు. నాలుగు ఆటల ఇంటర్వెళ్ళు వేరువేరు వేళల్లో వస్తాయి, తినుబండారాల బల్ల దగ్గర బేరం రోజంతా సాగుతుంది. ఆ బల్లే వాళ్ళకు ప్రాణం అని చెప్పాను. 2009లో హిందీ నిర్మాతలు సమ్మె చేసి కుదుర్చుకున్న లెక్క ప్రకారం మొదటి వారం టికెట్ల డబ్బులో సగం సినిమావాళ్ళకు పోతుంది. పాప్‌కార్న్ డబ్బులో వాళ్ళకు వాటా లేదు. 2023-24లో ఈ కంపెనీకి టికెట్ల మీద దాదాపు 3,280 కోట్లు వస్తే, తిండి మీద 1,958 కోట్లు వచ్చింది. అమ్మ వేళ్ళు మడిచి లెక్క వేసుకుని, "రూపాయి టికెట్టుకు పది అణాల తిండి అన్నమాట" అంది. నువ్వే చెప్పు, ఇంతకంటే బాగా ఏ బ్యాలెన్సు షీటు చెబుతుంది?

ఇక ఆ మెల్‌బోర్న్ వాళ్ళ సంగతి. 2000 తర్వాత కొద్ది ఏళ్ళకే వాళ్ళు వాటా వదులుకుని వెళ్ళిపోయారు. అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. అది చెప్పగానే అమ్మ ముఖం మారిపోయింది. "వెళ్ళిపోయినవాళ్ళ పేరు తీసెయ్యలేదా?" అని రెండుసార్లు అడిగింది. తీసెయ్యలేదమ్మా అన్నాను. "మనం మాత్రం గేటు మీద మీ నాన్న పేరు తీశామా" అంది. అన్నాక చాలాసేపు బోర్డు ఉన్న వైపే చూస్తూ కూర్చుంది. నేనూ ఏమీ అనలేకపోయాను.

తర్వాత కథ నువ్వు కొంత చదివే ఉంటావు. 2006లో షేర్లు జనానికి అమ్మారు. తర్వాత వేరే హాళ్ళ కంపెనీలను కొన్నారు: 2012లో సినీమాక్స్, 2016లో ఢిల్లీ డీటీ సినిమాస్, 2018లో మన సత్యం. మాల్ కట్టి ముగించేదాకా ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చోవడం కంటే నడిచే హాళ్ళు కొనడం త్వరగా అయ్యే పని. అలా పెరిగారు. కానీ అద్దెలూ జీతాలూ జనం వచ్చినా రాకపోయినా ఆగవు కదా. 2020 మార్చిలో తలుపులు మూశారు, ఇక్కడ తమిళనాడులో మళ్ళీ తెరిచింది నవంబరులో, అదీ సగం సీట్లకు. ఆ దెబ్బకు పోటీదారులు కూడా ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. 2022 మార్చిలో ఐనాక్స్‌తో కలుస్తున్నామని ప్రకటించారు, 2023 ఫిబ్రవరికి ఒక్కటయ్యారు. 1,500 పైచిలుకు తెరలు. ఓనరుగారూ, ఇప్పుడు కంపెనీ పేరులో మీకు తోడు ఇంకొకరు చేరారు, గమనించగలరు.

కలిసిన మూడు నెలలకే వచ్చిన లెక్కలు చూసి నేను ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ ఒక్క త్రైమాసికంలో నష్టం 334 కోట్లు. ఆరు నెలల్లో 50 తెరలు మూసేస్తామన్నారు. పాతబడిన మాల్స్‌లో ఉన్నవే ఎక్కువ. వ్యాపారంగా చూస్తే అది సరైన పనే, నా క్లయింటు అయితే నేనూ అదే చెబుతాను. కానీ ఆ యాభైలో ప్రతిదీ ఎవరో ఒకరికి సత్యమే కదరా. అక్కడ కండువా కప్పిన వాళ్ళు ఉండరా?

చిత్రం ఏమిటంటే అదే ఏడాది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రజనీకాంత్, సన్నీ డియోల్, షారుక్ ఖాన్ సినిమాలు వరుసగా వచ్చేసరికి జనం విరగబడ్డారు. ఆ త్రైమాసికంలో 166 కోట్ల లాభం. ఆ వెంటనే అక్టోబరులో, వారం మధ్యలో హాళ్ళు నింపడానికి, నెలకు 699 రూపాయలకు పది సినిమాలు చూడవచ్చని పాసు పెట్టారు, సోమవారం నుంచి గురువారం దాకా. మొదట్లో దక్షిణాదికి మాత్రం ఇవ్వలేదు. మనవాళ్ళు పాసు లేకపోయినా వస్తారని ధీమా అయి ఉండాలి. నాకు అనిపించేది ఏమిటంటే, ఇంత పెద్ద కంపెనీ కూడా చివరికి పంటలాగా... అది తర్వాత రాస్తాను, అమ్మ సంగతి మిగిలిపోతోంది.

ఆట వేళయింది. లోపల అప్పటికే దీపాలు తగ్గించారు. టార్చి పట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, వెలుగు అమ్మ ముఖం మీద పడకుండా పాదాల ముందు వేస్తూ, ఒక్కో మెట్టుకూ ఆగి, చక్కని తెలుగులో "నిదానంగా రండమ్మా" అంటూ తీసుకువెళ్ళాడు. మూడే హాళ్ళున్న రోజుల నుంచీ ఇక్కడే ఉన్నానన్నాడు. "జనం ఇంతేనా నాయనా?" అని అమ్మ అడిగితే, "వారం మధ్యలో ఇంతేనమ్మా, ఆదివారం రండి, నిలబడటానికి చోటుండదు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఎంత గర్వమో!

సినిమా మొదలైంది. కాసేపటికి చూస్తే అమ్మ కథ చూడటం లేదు. ఒకసారి కుడికన్ను మూసుకుని చూస్తోంది, ఒకసారి ఎడమకన్ను మూసుకుని చూస్తోంది. ఏమైందో అని భయపడి వంగి అడిగాను. నా చెవిలో అంది: "ఈ కంటితో ఆ అమ్మాయి చీర పలుచని టీ రంగులో ఉంది. ఈ కంటితో మల్లెపువ్వులాగా ఉంది. ఇన్నేళ్ళూ నేను తెలుపే చూడలేదురా." నేను తల తిప్పేసుకున్నాను. ఇంటర్వెల్లో పాప్‌కార్న్ కొని తెచ్చి, మసాలా చల్లి ఇస్తే, "ఇదేనా రమణ దొంగిలించింది?" అంది. నేను ఎప్పుడూ చెప్పలేదు, ఒట్టు. దివాకర్ చెప్పి ఉంటాడు.

ఇంకో సంగతి. ఇంటర్వెల్లో నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకువచ్చింది. ఎండలో ఒక చోట నిలబడింది. ఇక్కడేనా అమ్మా అని అడిగాను. "ఇక్కడ కాదు, ఏమో, అంతా మారింది" అంది. అయినా చేతులు రుద్దుకుంటూ గంట కొట్టేదాకా అక్కడే నిలబడింది.

నువ్వు ఒక పని చెయ్యి. మీ ఊళ్ళో విలేజ్ సినిమాస్ అని ఉన్నాయి కదా, ఒక ఆదివారం వెళ్ళి ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకుని పంపు. అమ్మ అడిగింది, ఊరికే అనడం లేదు. ఇక్కడి సత్యం ఫోటో పక్కన పెట్టుకుంటుందట. మన ఊళ్ళో మనం నేల టికెట్టుకు దూరిన ఆ హాలు కల్యాణ మండపం అయింది, అది నీకు తెలుసా? మొన్న అక్కడ పెళ్ళికి వెళితే, తెర ఉండే చోటే పెళ్ళిపీటలు వేశారు. నేను అక్షింతలు పట్టుకుని నిలబడి ప్రొజెక్టరు రంధ్రాల కోసం వెనక్కి తిరిగి చూస్తే...

అమ్మ పిలుస్తోంది, కంట్లో చుక్కలు వేసే వేళయింది. తొమ్మిదికి వేయాలి, పది నిమిషాలు ఆలస్యం చేశాను. పొద్దునే పోస్టు చేస్తాను. ఫోటో మరచిపోకు.

నీ
శీను