మా అమ్మాయి జార్జియా టెక్‌లో చేరుతోంది: దారి చూపిన మీ అందరికీ కృతజ్ఞతలు

ఏ కాలేజీలో చేరేదీ చెప్పాల్సిన మే 1 గడువులోపే తేల్చుకున్నాం. ఎమరీ యూనివర్సిటీ కాదు, జార్జియా టెక్. మా అమ్మాయి అక్కడ న్యూరోసైన్స్‌లో చేరుతోంది. ఏప్రిల్ నెలంతా మా ఫోన్లు ఎత్తి, అడిగిందే మళ్లీ అడిగినా విసుక్కోకుండా చెప్పిన మీకందరికీ విడివిడిగా థాంక్స్ చెప్పాను. అయినా అందరి ముందూ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

రెండూ అట్లాంటాలోనే ఉన్నాయి కదా, అంత ఆలోచన దేనికని కొందరు అడిగారు. కారులో ఇరవై నిమిషాలే (ట్రాఫిక్ లేకపోతే, అంటే అట్లాంటాలో ఆ మాట అనుకోవడమే దండగ). కానీ ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. ఎమరీ ప్రైవేటుది. సొంత మెడికల్ స్కూలు, ఆసుపత్రి, పక్కనే సీడీసీ (రోగాల నియంత్రణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ). 2014లో అమెరికాకు తీసుకొచ్చిన మొదటి ఎబోలా రోగులకు వైద్యం జరిగింది ఆ ఆసుపత్రిలోనే. టెక్ ప్రభుత్వానిది, 1885 నాటిది, ఇంజినీర్ల కోట. మెడికల్ స్కూలు లేదు. డాక్టర్ కావాలనుకునే పిల్లకు ఎమరీయే కదా అని మావారు మొదట్నుంచీ అంటున్నారు. డబ్బు తీసుకుని సలహా ఇచ్చిన కౌన్సెలర్ కూడా ర్యాంకులు చూపించి అదే మాట అన్నాడు.

అసలు చిక్కేమిటంటే, మా అమ్మాయికి డాక్టర్ కావాలని ఉంది, అనుమానమూ ఉంది. మెదడు ఎలా పనిచేస్తుందో చదవమంటే రాత్రంతా చదువుతుంది. రోగుల మధ్య బతుకంతా గడపగలవా అంటే తెలియదంటుంది. గుంటూరులో మా నాన్నగారికైతే ఈ గొడవే అర్థం కాలేదు. ఇంటర్ అవగానే నీట్ రాసి చేరిపోయే చదువుకి మధ్యలో ఈ నాలుగేళ్ల డిగ్రీ ఏమిటమ్మా అని ప్రతి ఆదివారం అడుగుతూనే ఉన్నారు.

మొదట అట్లాంటా పక్కనే డెకేటర్‌లో ఉండే డాక్టరక్కకు థాంక్స్ చెప్పాలి. నైట్ డ్యూటీ దిగి, నిద్ర కూడా మానుకుని మాతో మాట్లాడింది. ప్రీమెడ్ అనేది డిగ్రీ కాదనీ, డిగ్రీ చదువుతూ మెడిసిన్‌కు సిద్ధం కావడమనీ, ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నా బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులతో సహా పూర్తిచేసి మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్ రాయాలనీ, ఆ పరీక్షలో 2015 నుంచి సైకాలజీ, సోషియాలజీ కూడా ఉన్నాయనీ ఓపిగ్గా వివరించింది. ఇవన్నీ రెండు చోట్లా చదువుకోవచ్చు. ఆ తర్వాత అక్క అప్పుల సంగతి ఎత్తింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ లోన్లు (డిగ్రీ తర్వాతి చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పులు) ఉండవు. మెడిసిన్ చదివేవాళ్లకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు, అంతే. మిగతాది ఇంట్లోంచి రావాలి, లేదా ప్రైవేటు బ్యాంకుల దగ్గర తెచ్చుకోవాలి. "డిగ్రీకే ఉన్నదంతా ఊడ్చి పెట్టేస్తే ఆ తర్వాత దేంతో చదివిస్తావ్?" అంది.

ఎమరీలో అన్నీ కలిపి ఏడాదికి దాదాపు 90 వేల డాలర్లు. ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 2026 ఫాల్ (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) నుంచి ట్యూషన్ ఫీజు లేకుండా చేశారు, మంచి పని. ఇద్దరం ఐటీలో ఉన్నాం కాబట్టి మాకు అది వర్తించదు. టెక్‌లో అయితే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ (బాగా చదివే జార్జియా పిల్లలకు రాష్ట్రం ఇచ్చేది) ట్యూషన్ ఫీజు మొత్తం కట్టేస్తుంది. హాస్టల్, భోజనం, మిగతా ఫీజులు మనవి. కాలేజీలో 3.3 జీపీఏ నిలబెట్టుకోవాలి. మెడికల్ స్కూల్లో సీటు రావాలంటే ఎలాగూ అంతకన్నా చాలా ఎక్కువే కావాలి కాబట్టి ఆ షరతు గురించి పెద్దగా బెంగపడలేదు.

ఎమరీలో ఫైనలియర్ చదువుతున్న అమ్మాయి అడిగిన ప్రశ్నతో మా ఇంట్లో వాదన ఆగిపోయింది. తను ప్రీమెడ్‌గా చేరి, రెండో ఏడాదిలో ఆంత్రోపాలజీకి మారింది. కాలేజీని ఒక్క మాట తక్కువ చేయలేదు. ప్రొఫెసర్లు దగ్గరుండి పట్టించుకుంటారని, మారినప్పుడు ఎవరూ వింతగా చూడలేదని చెప్పింది. తర్వాత, "ఆంటీ, మీ అమ్మాయి మెడిసిన్ వద్దంటే ఆ రోజు మీకు ఈ ఫీజులు గుర్తొస్తాయా?" అంది. మావారు నావైపు చూశారు. గుర్తొస్తాయి! బయటికి అనకపోయినా మా ముఖాలు చూసి పిల్ల కనిపెట్టేస్తుంది. మాకు భయపడి తనకు ఇష్టం లేని చదువులో ఉండిపోతుంది. ట్యూషన్ కట్టక్కర్లేని చోట మనసు మార్చుకుంటే మాకూ బాధ ఉండదు, తనకూ భయం ఉండదు. మేం టెక్ వైపు మొగ్గింది అందుకే, ర్యాంకు చూసి కాదు.

టెక్‌లో మూడో ఏడాది చదివే బాబు ఏదీ దాచలేదు. అక్కడ మార్కులు తేలిగ్గా రావనీ, ఫిజిక్స్ మొదటి మిడ్‌టర్మ్‌కే చాలామందికి చుక్కలు కనిపిస్తాయనీ, ప్రీమెడ్ వాళ్లు తక్కువ కాబట్టి షాడోయింగ్ (డాక్టర్ల వెంట ఉండి వాళ్ల పని చూడటం) లాంటివి తామే వెతుక్కోవాలనీ చెప్పాడు. ఆసుపత్రి లేని లోటు మాత్రం అనుకున్నంత లేదన్నాడు. డౌన్‌టౌన్‌లో గ్రేడీ ఆసుపత్రి దగ్గరే. పైగా టెక్, ఎమరీ కలిసి 1997లో పెట్టిన బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది, రెండు వైపుల ల్యాబుల్లోనూ పిల్లలు పనిచేస్తుంటారు. మా అమ్మాయి అతన్ని అడిగిన ప్రశ్నలన్నీ కోడింగ్ గురించే. నేను వింటూ ఊరుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం నాకింకా ఎమరీ మీద మనసు లాగుతోంది. అక్కడ తెలుగు సాహిత్యం, సంస్కృతి కోసం కొప్పాక దంపతుల పేరిట ప్రొఫెసర్ పదవి ఉంది. మా పిల్ల అక్కడ చేరితే కాస్త తెలుగు చదవడం నేర్చుకుంటుందని నా ఆశ (తనకు ఆ ఆశ లేదు, అది వేరే సంగతి). అట్లాంటా కాలేజీల మధ్య క్రాస్ రిజిస్ట్రేషన్ ఉంటుందని, అంటే ఒక కాలేజీలో ఉంటూ ఇంకో కాలేజీలో క్లాసు తీసుకోవచ్చని, టెక్ బాబే చెప్పాడు. ఆ లింకు దాచిపెట్టుకున్నాను.

డాక్టరక్కా, మీరు అడిగిన గోంగూర పచ్చడి ఈ శనివారం తెస్తున్నాను. ఎమరీ అమ్మాయికీ, టెక్ బాబుకీ పరీక్షలయ్యాక మా ఇంట్లో భోజనం. కమ్మింగ్ దాకా రావాలి మరి! వచ్చే ఏడాది ఎవరింట్లోనైనా ఈ తలనొప్పి వస్తే నాకు ఫోన్ చేయండి. ఏ కాలేజీ మంచిదో నేను చెప్పలేను గానీ, మావారు తయారుచేసిన ఎనిమిదేళ్ల ఖర్చుల ఎక్సెల్ షీటు పంపిస్తాను.