పోయిన ఉద్యోగాలు సరే, దొరికిన జీతమెంత?

సంపాదకులకు,

అమెరికా ఉద్యోగాలు విదేశాలకు తరలిపోతున్నాయన్న చర్చ ఎప్పుడు వచ్చినా ఎన్ని పోయాయన్న దగ్గరే ఆగిపోతోంది. పోయినదాని బదులు దొరికిన ఉద్యోగంలో జీతమెంతని అడిగేవాళ్లు తక్కువ. అక్కడి మధ్యతరగతి చితికింది ఈ తేడాలోనే.

నిరుద్యోగ రేటు చూస్తే ఇది తెలియదు. సర్వే వారంలో కూలి తీసుకుని ఒక్క గంట పనిచేసినా ఉద్యోగి కిందే జమ. ఇరవై ఏళ్లు మెషినిస్టుగా చేసి ఇప్పుడు గోదాములో పెట్టెలు సర్దుతున్న మనిషి కూడా ఆ పట్టికలో నిక్షేపంగా ఉన్నట్టే. పెన్సిల్వేనియాలో మూకుమ్మడిగా తీసేసిన పాత ఉద్యోగుల సంపాదనను జాకబ్సన్, లాలోండ్, సల్లివన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగట్టి 1993లో ప్రచురించారు. ఐదేళ్లు గడిచాక కూడా, ఉద్యోగం ఉండి ఉంటే వచ్చేదాని కంటే పాతిక శాతం తక్కువే వస్తోందని తేలింది. అవన్నీ ఆఫ్‌షోరింగ్ (పనిని విదేశాలకు తరలించడం) వల్ల పోయినవి కావు. కానీ ఒక సంస్థలోని యంత్రాలు, ఖాతాదారుల గురించి ఏళ్ల తరబడి నేర్చుకున్నదానికి గేటు దాటితే విలువ లేదు. ఎందుకు మూసినా ఈ నష్టం తప్పదు.

తయారీ రంగంలో 2000లో 1.7 కోట్లకు పైగా ఉన్న ఉద్యోగాలు 2010 నాటికి సుమారు 1.15 కోట్లకు దిగాయి. అంతా చైనా పద్దులో రాయడం అన్యాయం. ఆటోమేషన్, 2008 మాంద్యం కూడా ఉన్నాయి. అయితే 2001 డిసెంబరులో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో చేరాక దెబ్బ దేశమంతా సమంగా పడలేదు. ఫర్నిచర్, బట్టల మిల్లుల మీద బతికే ఊళ్లు మునిగాయి. మిల్లు పోతే ఇళ్ల ధరలు పడతాయి. బడుల ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచే రావాలి కాబట్టి వాటికీ కటకటే. పోనీ పని ఉన్న ఊరికి పోదామంటే, ఇల్లు అమ్మినా బ్యాంకు అప్పు తీరదు. సరుకులు చవకైన లాభం అందరికీ తలా కాస్త అందింది గానీ నష్టం మాత్రం కొన్ని ఊళ్లే మోశాయి.

ఆఫీసు పని ఇలా ఒక్కసారిగా పోదు, ముక్కలుగా పోతుంది. ముందు చేసే పనంతా డాక్యుమెంట్లుగా రాయిస్తారు. తర్వాత షాడోయింగ్: కొత్త టీమ్ స్క్రీన్ మీద చూస్తూ నేర్చుకుంటుంది. చివర రివర్స్ షాడోయింగ్: వాళ్లు చేస్తుంటే పాతవాళ్లు తప్పులు దిద్దాలి. ఇలా పని అప్పగించడం (కేటీ) పూర్తయితేనే సెవరెన్స్, అంటే తొలగింపు పరిహారం, అని మెలిక పెట్టిన సంస్థలూ ఉన్నాయి. నెలాఖరున ఖాతాలు మూసేటప్పుడు ఏ ఫైలు ఆగితే ఎవరికి ఫోన్ చేయాలన్నది మాత్రం ఏ డాక్యుమెంటులోనూ ఉండదు. అందుకే ఒకరిద్దరు సీనియర్లను ఉంచుకుని టెస్టింగ్, ఫిర్యాదుల టికెట్లు, బిల్లుల ఎంట్రీ లాంటి కింది పనులు పంపేస్తారు. కొత్త గ్రాడ్యుయేట్లు పని నేర్చుకునేది అక్కడే. ఆ సీనియర్లు రిటైరయ్యే రోజుకు వాళ్ల కుర్చీలో కూర్చోదగ్గ మనిషి తయారై ఉండడు.

ఇక రక్షణలు. అక్కడి తొలగింపు నోటీసుల చట్టమైన వార్న్ ప్రకారం వంద మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ మూకుమ్మడి తొలగింపునకు 60 రోజుల ముందు నోటీసివ్వాలి. కానీ ఒకే చోట కనీసం 50 మందికి వేటు పడితేనే ఇది వర్తిస్తుంది, చిన్న చిన్న విడతలైతే 90 రోజుల్లోవే కలుపుతారు. విడతల మధ్య ఎడం పెంచితే చాలు, నోటీసు బాధ తప్పుతుంది. కంపెనీ ఆరోగ్య బీమాను 18 నెలలు కొనసాగించుకోవచ్చు గానీ, యజమాని వాటా కూడా కలిపి ప్రీమియంలో 102 శాతం దాకా కట్టుకోవాలి.

దిగుమతులు, తరలింపుల వల్ల నష్టపోయినవాళ్ల కోసం 1962లో పెట్టిన ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ పథకంలో సేవారంగానికి చట్టప్రకారం చోటు 2009లో గాని దొరకలేదు. అందులో జీతం తేడాకు కొంత భర్తీ ఉండేది. 50 ఏళ్లు దాటినవారికి తేడాలో సగం, రెండేళ్లకు కలిపి 10,000 డాలర్లకు మించకుండా. కొత్త జీతం ఏడాదికి 50,000 డాలర్లు దాటకూడదన్నది షరతు. 78,000 నుంచి 52,000కు పడిన అకౌంటెంటుకు అంటే సున్నా. 49,000కు పడితే నెలకు 1,200 చొప్పున వచ్చి తొమ్మిదో నెలలోనే గరిష్ఠ పరిమితి అయిపోయేది. 2002లో గీసిన ఆ 50,000 గీత, మధ్యలో కొన్నాళ్లు 55,000 అయినా, మళ్లీ అక్కడికే వచ్చింది. పథకం గడువే 2022 జూలైలో ముగిసింది. తిరిగి తెస్తే ఆ గీతను స్థిరమైన అంకెగా కాకుండా, పాత జీతంలో ఇంత శాతమని పెట్టాలి.