షట్టర్ మళ్లీ ఎత్తిన అన్నకు కృతజ్ఞతలు

బెంగళూరు హనుమంతనగర్‌లో సైకిల్ తొక్కేవాళ్లకు అక్కడి ఎత్తుల సంగతి చెప్పక్కర్లేదు. దానికి మోకాలి నొప్పి తోడైతే రోజూ ఆఫీసుకు బయల్దేరాలంటేనే టెన్షన్. సైకిల్ అమ్మేద్దామనుకుంటూ, షట్టర్ సగం దించేసిన ఒక చిన్న సైకిల్ రిపేర్ షాపు దగ్గర ఆగాను.

షాపులోని అన్న షట్టర్ మళ్లీ ఎత్తాడు. నా కన్నడ వినగానే నవ్వి తెలుగులోకి మారిపోయాడు.

"అమ్మడం ఎందుకు సార్, వెనక పళ్లు పెంచితే చాలు."

పెడల్ దగ్గరి చక్రానికి 42 పళ్లు, వెనక ఉన్న పళ్ల చక్రాల్లో పెద్దదానికి 28. అది 34 అయితే పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం ఒకటిన్నర చుట్లకు బదులు దాదాపు ఒకటింపావే తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, కాలికి శ్రమా తగ్గుతుంది. కానీ నా డెరైలర్, అంటే గేరు మార్చేటప్పుడు చైన్‌ని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం, 34 పళ్లకు సరిపోదట. రేకు డబ్బాలోంచి పొడుగు చేయి ఉన్న పాతదొకటి తీసి, టూత్‌బ్రష్‌తో కిరోసిన్ పెట్టి తోమాడు. చైన్ కూడా కాస్త పొడుగుది వేశాడు.

ఆ తర్వాత తనే ఎక్కి, ఆ చీకట్లో ఎత్తు పైదాకా తొక్కాడు! చెమటలు కక్కుతూ వచ్చి, ఒక స్క్రూ కాస్త తిప్పి, మళ్లీ వెళ్లాడు. ఎవరు చేస్తారండీ అలా? డబ్బులు మాత్రం ఫ్రీవీల్‌కీ (వెనక పళ్ల చక్రాల సెట్టు) చైన్‌కీ తీసుకున్నాడంతే.

"ఆ డెరైలర్ ఊరికే పడుంది సార్, దానికేం ఇస్తారు."

అన్నా, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టే ఎత్తు మొదలవకముందే గేరు మారుస్తున్నాను. చైన్ కరకరలాడటం కూడా పోయింది.