భితరకనికాకి పాటు చూసుకుని వెళ్ళు

బరంపురం

చి. అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

జనవరి మొదటి వారంలో నీ స్నేహితురాళ్ళతో మన ఒడిశా తీరంలోని మడ అడవి, భితరకనికా వెళ్తున్నావని అమ్మ చెప్పింది. ఆ వారం వద్దు తల్లీ. ఏటా జనవరి మొదట్లో మొసళ్లను లెక్కపెడతారు, ఆ కొన్ని రోజులూ ఎవర్నీ రానివ్వరు. నెలాఖరుకి జరపండి. మే నుంచి జులై దాకా అవి గుడ్లు పెట్టే కాలమని మూసే ఉంటుంది.

తేదీ వేసుకునేటప్పుడు మీ సెలవులకన్నా ముందు పాటు, అంటే సముద్రం నీళ్ళు వెనక్కి తీసే వేళ, ఎన్నింటికో చూడు. అక్కడ నదులూ కాలవలే దారి. రోజుకి నీళ్ళు ఎక్కే పోట్లు రెండు, తీసే పాట్లు రెండు. రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. అంటే ఈ ఆదివారం తొమ్మిదింటికి పాటు అయితే, పై ఆదివారం అదే వేళకి ఇంచుమించు పోటు. పోటు మీద నీళ్ళు మడచెట్ల మొదళ్ళ దాకా ఎక్కేస్తాయి, మొసలి పడుకునే బురదగట్టే కనబడదు. ఎండెక్కే వేళా పాటూ కలిసొచ్చిన రోజు, చలికి ఒళ్ళు కాచుకోడానికి అవే గట్టెక్కుతాయి. అయితే నీళ్ళు మరీ తీసేస్తే చిన్న కాలవలో బోటు బురదలో దిగబడి, మళ్ళీ పోటు వచ్చేదాకా కదలదు. బోటు నడిపే సరంగు వెనక్కి తిరుగుదామంటే ఇంకో పది నిమిషాలని బతిమాలకండి.

మొదట చూసినప్పుడు కొయ్యదుంగే అనిపిస్తుంది. తోక మీది రంపపు పళ్ళు చూడు, అప్పుడు తెలుస్తుంది. నోరు తెరుచుకుని కదలకుండా పడుంటే అది కోపం కాదు, తలలో వేడి తగ్గించుకుంటోంది. చెయ్యి మాత్రం బోటు అంచు దాటకూడదు. ఇవి ఉప్పునీటి మొసళ్లు, సముద్రంలోనూ ఈదుతాయి, కాబట్టి అక్కడి ఇసుకతీరం ఎంత ఖాళీగా ఉన్నా నీళ్ళలో దిగొద్దు.

ఇక్కణ్ణుంచి భద్రక్ దాకా రైలు, అక్కణ్ణుంచి చాందబాలికి 50 కిలోమీటర్ల పైనే రోడ్డు, తర్వాత బోటు మీద దంగమాల్. మొసలి పిల్లల్ని పొదిగించి పెంచే పని 1975లో మొదలైంది అక్కడే. ఆ అడవిలోనే బగగహణ అనే చోట కొంగల గూళ్ళు వానాకాలం సంగతి, జనవరిలో వాటికోసం పూట పాడుచేసుకోవద్దు. అసలు గుర్తింపు కార్డు, చేతిలో నగదు ఉండాలి. సిగ్నల్ నమ్మకం లేదు. చుట్టూ ఉప్పునీళ్ళే గనక మనిషికి రెండు లీటర్ల మంచినీళ్ళు స్టీలు సీసాల్లో పట్టుకెళ్ళండి. కాలికి వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకో, మామూలువైతే బురదే లాక్కుంటుంది. బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చేవి మడచెట్ల ఊపిరి వేళ్ళు; వాటిని తొక్కకండి, గాలి వాటిలోంచే అందాలి.

సముద్రపు తాబేళ్ళ ఆశతో అయితే అంత దూరం అక్కర్లేదు. అవి గుడ్లు పెట్టే అక్కడి గహిరమథ తీరానికి మామూలు వాళ్ళని పంపరు. మన రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఫిబ్రవరి, మార్చిల్లో అవి గుంపులుగా వస్తాయి, కొన్నేళ్ళు రావు కూడా. ఒక్కోటీ అడుగున్నర గొయ్యి తవ్వి వందకి అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. ఇసుక ఎక్కి వస్తున్నప్పుడు ఎదురు నిలబడినా, ఫోను దీపం వేసినా, పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది. గొయ్యి తవ్వి గుడ్లు మొదలుపెట్టేదాకా దూరంగా కూర్చుని, ఆ తర్వాతే వెనకనుంచి దగ్గరికి వెళ్ళాలి, అదీ ఫారెస్టు వాళ్ళు సరేనంటేనే.

గుంపు ఒడ్డుకొచ్చిందని తెలిసిన రోజే కబురు పెడతాను, ఆ రాత్రే రైలెక్కేయ్.

మీ నాన్న