లెక్కలు రాకపోతే యానిమేషనా?

సంపాదకుల గారికి,

మీ కెరీర్ పేజీలో యానిమేషన్ మీద వచ్చిన వ్యాసం చదివాను. అంతా బాగానే ఉంది కానీ ‘లెక్కలంటే భయపడేవాళ్లకు ఇది సరైన దారి’ అన్న మాట దగ్గర మాత్రం ఊరుకోలేకపోయాను, ఎందుకంటే నేను చేసేదే క్యారెక్టర్ రిగ్గింగ్, అంటే కంప్యూటర్ బొమ్మ కదలడానికి లోపల ఎముకలూ కీళ్లూ అమర్చే పని, పొద్దున లేస్తే కోణాలతోనే పని.

ఈ పని నేర్చుకునేవాళ్లకు ముందు ఇచ్చేది ఎగిరే బంతి. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. బంతి పడుతున్నప్పుడు ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య దూరం సమానంగా పెట్టారనుకోండి, దారం కట్టి దించుతున్నట్టు ఉంటుంది. అదే 1, 3, 5, 7 వంతుల చొప్పున పెంచుకుంటూ పోతే బంతికి బరువొస్తుంది. కాలంతో పాటు బంతి ఎత్తు ఎలా మారుతుందో చూపే గ్రాఫ్ ఎడిటర్ తెరిస్తే ఇదంతా ఒక గీతే: పైన పారాబోలా గుండ్రంగా తిరగాలి, నేల తగిలిన చోట మాత్రం కోసుగా విరగాలి. సాఫ్ట్‌వేర్ ఆ కింది మలుపుని కూడా నున్నగా చేసి పెడుతుంది, కొత్తవాళ్లు అలాగే వదిలేస్తారు, బంతేమో నేల దాకా వచ్చి మెల్లగా ఆగి లేస్తుంది. ఆ గీత వాలే వేగమని తెలిసినవాడికి తప్పెక్కడుందో చూడగానే దొరుకుతుంది, తెలియనివాడు సాయంత్రం దాకా కీ ఫ్రేములు (బంతి ఎక్కడుండాలో మనం పెట్టిన ఫ్రేములు) జరుపుతూ కూర్చుంటాడు.

ఇక బొమ్మ చెయ్యి సంగతి. మణికట్టు పట్టుకుని లాగితే మోచెయ్యి దానంతటదే మడవాలి కదా, భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి మణికట్టుకి పొడవులు తెలుసు, భుజానికీ మణికట్టుకీ మధ్య దూరం తెలుసు, మూడు భుజాలు తెలిసిన త్రిభుజంలో కోణం కనుక్కోవడమే. స్కూల్లో ‘ఇది ఎక్కడ పనికొస్తుంది’ అని అందరం విసుక్కున్న కొసైన్ సూత్రం! బొమ్మ తల తిరిగే మూడు అక్షాల్లో మధ్యది 90 డిగ్రీలు తిరిగితే మిగతా రెండూ కలిసిపోయి తల అడ్డదిడ్డంగా తిరిగే గింబల్ లాక్ ఒకటుంది, దాన్ని తప్పించుకోవడానికి వాడే క్వాటర్నియన్లు (నాలుగు భాగాలుండే ఒక రకం సంఖ్యలు) గణిత శాస్త్రవేత్త హామిల్టన్ 1843లోనే కనిపెట్టినవి.

కాగితం మీద ఇంటిగ్రేషన్ చేయమని ఎవరూ అడగరు, లెక్కంతా కంప్యూటరే చేస్తుంది, నిజమే. పాత్రలకు నటన నేర్పే యానిమేటర్‌కి బొమ్మ గీయడం, గమనింపు ముఖ్యం, లెక్క అంతగా అక్కర్లేదు కూడా. కానీ రిగ్గింగ్‌కి వెక్టర్లు, మాత్రికలు తప్పవు, నీళ్లూ పొగా సృష్టించే ఎఫెక్ట్స్ ప్రోగ్రాములు రాయాలంటే కాలిక్యులస్ దాకా వెళ్లాలి. ఏ ఉద్యోగానికి ఎంత లెక్క కావాలో విడివిడిగా చెబుతూ మరో వ్యాసం వేయండి.

ఇట్లు,
ఒక రిగ్గింగ్ ఆర్టిస్ట్